పొద్దుగాల చెప్పిన మాట

పట్నంలో నాలా పొంగి బేగంపేట ఇళ్ళల్లోకి వరద వచ్చిందే, ఆ ఏడాది వానాకాలం గడిచి, చలికాలం గడిచి, ఎండలు ముదిరిన చైత్రంలో జరిగింది ఇది. అంగూరు కోత అయిపోయింది. శామీర్‌పేట అవతల చోటే మియా కౌలుకు పట్టిన తోటలో కొమ్మల కత్తిరింపు నడుస్తోంది. కత్తిరించగా మిగిలిన తీగను పందిరి తంతికి పురికొసతో కట్టడం లింగస్వామి పని. మెడ వెనక్కి విరిచి, చేతులు పైకెత్తి, చూడకుండానే ముడి వేసేవాడు. ఆ రోజు ముడి పడలేదు. కొస వేళ్ళ మధ్య నిలవడం లేదు. జారి ముఖం మీద పడుతోంది.

"ఏందిరా లింగా, తీగెకు పుస్తె కడుతున్నవా? గంతసేపా?" అన్నాడు పక్క వరసలోంచి చోటే మియా.

లింగస్వామి మామూలుగానే మాట తక్కువ మనిషి. చేతులు దించి, లుంగీకి తుడుచుకుని, మళ్ళీ ఎత్తాడు. అవి మళ్ళీ వణికాయి.

వణుకు అతనికొక్కడికే కాదు. ఆబ్కారీ వాళ్ళు జీపుల్లో వచ్చి, కల్లులో మత్తు పొడి కలుపుతున్నారని సీసాలు పగలగొట్టి, కల్లు అమ్మే కంపౌండ్‌కు తాళం వేసి పోయినప్పటి నుంచి సగం ఊరు అట్లాగే ఉంది. మండుటెండలో గొంగళ్ళు కప్పుకుని అరుగుల మీద కూర్చున్నారు. ఒకరికి మెడ ఒక పక్కకు పట్టేసింది. ఒకరు గోడతో మాట్లాడుతున్నారు. ఊళ్ళో ఎవరూ దాన్ని పిచ్చి అనలేదు. "కల్లు లేక" అన్నారు, "జ్వరమొచ్చి" అన్నట్టుగా. ఓపిక ఉన్నవాళ్ళు తాళం పడని ఊరిని వెతుక్కుంటూ పోతున్నారు. లింగస్వామి కూడా ముందురోజు అట్లా పోయి సగం సీసా సంపాదించుకున్నాడు.

చోటే మియా దగ్గరికి వచ్చి అతని చేతిలోంచి కొస తీసుకున్నాడు. ఆయన జన్మలో కల్లు ముట్టినవాడు కాదు. కానీ ముట్టినవాళ్ళతోనే నలభై ఏళ్ళు పని చేయించాడు.

"నీ సంగతి సరే. అక్కడ శివమ్మ ఎట్లుందో చూసినవా? బొల్లారం దిక్కు కూడ అన్ని కంపౌండ్లు బంద్ జేసిండ్రంట."

లింగస్వామికి ఆ ఆలోచన అప్పటిదాకా రాలేదు. అతని భార్య శివమ్మ మచ్చబొల్లారంలో జోగారావుగారింట్లో పని చేస్తుంది. ఆ ఇంటి కూతురు పురిటికి వచ్చినప్పటి నుంచి రాత్రిళ్ళూ అక్కడే ఉంటోంది. సాయంత్రం పని తీరాక కాలనీ వెనక కంపౌండ్‌కు పోయి, ఒక సీసా తాగి, కిళ్ళీ నమిలి వచ్చి పడుకునేది. ఆ సంగతి ఆ ఇంట్లో వాళ్ళకు తెలియదు.

పురికొస ఉండ గట్టు మీద పెట్టి అతను బస్సు కోసం రోడ్డెక్కాడు.

*

జోగారావు బ్యాంకులో ఆఫీసరు. గోదావరి జిల్లా మనిషి. చెడ్డవాడని ఎవరూ అనరు. గేటు తీస్తూనే ఆయన ముఖం చిన్నబోయింది.

"రావయ్యా లింగస్వామీ. నీకు కబురు పంపుదామనే అనుకుంటున్నాం."

"మా ఆడామె ఏది సార్?"

జోగారావు వెనక్కి తిరిగి లోపలికి చూశాడు. ఆయన భార్య పద్మజ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపల గదిలో పసిపిల్ల ఏడుస్తోంది.

"మొన్న పొద్దున్నుంచే దాని చేతులు వణుకుతున్నాయి" అంది పద్మజ. "పాపకి నీళ్ళు నేను పోస్తాలే, నువ్వు పడుకో శివమ్మా అన్నాను. వింటేనా? కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తూ రాస్తూ ఒక్కసారిగా కేకలు. చీమలమ్మో, బిడ్డను చీమలు తింటున్నయమ్మో అని. ఒక్క చీమ లేదు. పాప ఒళ్ళంతా దులిపేస్తోంది, గీకేస్తోంది. వీపు ఎర్రగా కందిపోయింది పిల్లకి. నెల నిండని పిల్లయ్యా. నా ప్రాణం ఎలా ఉండుంటుందో నువ్వే చెప్పు."

లింగస్వామి తలవంచుకున్నాడు. ఆమె చెప్పింది అబద్ధం కాదని తెలుస్తూనే ఉంది.

"గదిలో పెట్టి గడియ వేశాం. తలుపు బాదేస్తోంది" అన్నాడు జోగారావు. "తెలిసిన డాక్టరుకి ఫోన్ చేస్తే, కండ్లకోయ దాటాక మేడ్చల్ రోడ్డు మీద పిచ్చాసుపత్రి ఒకటుంది, ప్రైవేటుది, అక్కడ చేర్పించమన్నాడు. చేర్పించాం. ఖర్చు సంగతి నువ్వేం పెట్టుకోకు."

"నన్నడగకుండ ఎట్ల చేర్చుకున్నరు సార్?"

"బంధువు గానీ స్నేహితుడు గానీ సంతకం పెట్టొచ్చట. నేను పెట్టాను. స్నేహితుడని రాశారు."

లింగస్వామి తలెత్తి చూశాడు. శివమ్మ ఆ ఇంట్లో చేరి చాలా కాలమైంది. పెరటి వసారాలో, బోర్లించి పెట్టిన వేరే పళ్ళెంలో, కింద కూర్చుని తింటుంది. జోగారావు ఆమెతో నేరుగా మాట్లాడగా అతను ఎన్నడూ చూడలేదు. ఏం కావాలన్నా పద్మజతో చెప్పించేవాడు. స్నేహితుడు. ఆ మాట చెవిలో పడ్డాక ఇంకేమీ సరిగ్గా వినపడలేదు.

"ముందే అమ్మగారికి చెప్పుకున్నదా సార్ అది?" అని మాత్రం అడిగాడు. "ఏమన్న చెప్పిందా, మెదడు మంచిగున్నప్పుడు?"

పద్మజ ఏడుపు వినిపిస్తున్న గది వైపు ఒకసారి చూసింది. "ఇంటికి పోతానంది" అంది. "రెండు మూడుసార్లు అంది. బాలింతని పెట్టుకుని ఎక్కడికి పంపను? పాపకి మూడో నెల వచ్చాక పోదువుగాన్లే అన్నాను, నవ్వుతూనే అన్నాను."

*

ఆసుపత్రికి ప్రహరీ ఎత్తుగా ఉంది. లోపల వేపచెట్లు, బట్టలారేసిన తాడు. అన్నీ ఒకే రంగు బట్టలు. గేటు దగ్గర సోమయ్య అనే వార్డు మనిషి స్టూలు మీద కూర్చుని చెప్పులకు మేకు కొట్టుకుంటున్నాడు.

"శివమ్మనా? ఆమెను తీసుకొచ్చినోళ్ళు వస్తేనే చూపిస్తం."

"నేను ఆమె పెనిమిటిని."

"తీసుకొచ్చింది నువ్వు కాదు గద."

"తీసుకొచ్చినాయన పరాయోడు. నేను మొగుణ్ణి."

"అందరు గట్లనే అంటరన్నా. మొన్న ఒకామెకు ఇద్దరు మొగుళ్ళొచ్చిండ్రు" అని సోమయ్య తన మాటకు తనే నవ్వాడు. ఎదుటివాడి ముఖం చూసి నవ్వు ఆపాడు. "డాక్టర్ సాబ్ పొద్దు గూకినంక వస్తడు. గా బెంచీ మీద కూసో. కిటికీలకెల్లి చూస్తే చూడు. నేను చూడమన్నట్టు చెప్పకు."

కిటికీకి ఇనుప జాలీ ఉంది. లోపల మంచాలు వరసగా ఉన్నాయి. ఒక మంచంలో కూర్చున్న ముసలమ్మ ముందుకీ వెనక్కీ ఊగుతోంది. ఒకామె నేల మీద పడుకుని ఉంది. మూల మంచంలో మగపిల్లవాడెవరో పడుకుని ఉన్నాడు. గుండు. ఆడవాళ్ళ గదిలో మగపిల్లవాణ్ణి ఎందుకు పెట్టారో అతనికి అర్థం కాలేదు. శివమ్మ కోసం మళ్ళీ మొదటి మంచం నుంచి చూసుకుంటూ వచ్చాడు. ఆ గుండు ఇటు తిరిగింది. నుదుటి మీద పచ్చబొట్టు కనిపించింది.

లింగస్వామి జాలీ పట్టుకుని ఉండిపోయాడు.

ఆమె చేతులు రెండూ మంచం పట్టీకి తెల్లగుడ్డ పీలికలతో కట్టి ఉన్నాయి. పీలిక మణికట్టులోకి దిగి, వేళ్ళు వాచాయి. పెదవులు ఎండి చీలిపోయాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ కిటికీ వైపు చూడడం లేదు. పిలుద్దామని నోరు తెరిచాడు. పేరు బయటికి రాలేదు. చిన్నప్పుడు పెద్ద బావిలోకి జారిపడ్డప్పుడు ఇట్లాగే అయింది అతనికి. అరిచాననుకున్నాడు గానీ అరవలేదు.

బెంచీ మీద కూలబడ్డాడు. పొద్దున్నుంచి అతని కడుపులో కూడా కల్లు లేదు. ఎదురుగా సున్నం కొట్టిన గోడ. గోడ మీద పైనుంచి కిందికి సన్నగా నల్లటి గీత ఒకటి దిగుతోంది. ఆ గీత కదులుతోంది. నేల మీదికి దిగి, తన కాళ్ళ వైపు తిరిగి, పిక్కల మీదికి ఎక్కింది. అతను గబగబా దులుపుకున్నాడు. మళ్ళీ ఎక్కాయి. రెండు చేతులతో దులుపుకున్నాడు.

సుత్తి చప్పుడు ఆగింది.

"ఏం దులుపుకుంటున్నవే?" అన్నాడు సోమయ్య.

లింగస్వామి చేతులు ఆగిపోయాయి. సోమయ్య గొంతు మారిందని గమనించాడు. ఇందాక ఇద్దరు మొగుళ్ళని పరాచికాలాడిన మనిషి కాదు ఇప్పుడు. లేచి నిలబడి, సుత్తి కింద పెట్టి, ఒక చెయ్యి కొంచెం ముందుకు చాచి, పగ్గం తెంచుకున్న గొడ్డు దగ్గరికి వచ్చినట్టు మెల్లగా వస్తున్నాడు.

"దుమ్ము" అన్నాడు లింగస్వామి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. చీమలు తొడల మీద పాకుతూనే ఉన్నాయి. మెడ మీదికీ వచ్చాయి. అతను కదలలేదు. పళ్ళు బిగించి, సోమయ్య ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు. కదిలితే తననూ కట్టడానికి లోపల ఇంకో మంచం ఉంది.

"ఏ ఊరన్నా నీది?"

"శామీర్‌పేట."

"ఇయ్యాల ఏం వారం?"

అది ఎందుకడుగుతున్నాడో లింగస్వామికి తెలిసింది. "మంగళారం" అన్నాడు. అవునో కాదో మనసులో రెండుసార్లు చూసుకుని అన్నాడు. సోమయ్య తలూపి వెనక్కి తగ్గాడు. లింగస్వామి లేచి, తొందర కనిపించకుండా, గేటు దాకా నడిచాడు. గేటు దాటాక పరుగెత్తాడు.

*

మేడ్చల్ అవతల తాళం పడని కంపౌండ్ ఒకటి దొరికింది. అక్కడ జాతరలా ఉంది. రెండు సీసాలు తాగేసరికి చీమలు పోయాయి. చేతులు నిలబడ్డాయి. ఇక మనిషిలా మాట్లాడగలను అనుకున్నాడు. తెల్లారి మళ్ళీ ఒక సీసా తాగి, ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, డాక్టరు ముందు నిలబడ్డాడు.

డాక్టరు ఫణిభూషణ్ చిన్నవాడే. కూర్చోమని కుర్చీ చూపించాడు. లింగస్వామి కూర్చోలేదు. వణుకు లేకుండా, తడబాటు లేకుండా, బస్సులో అనుకుంటూ వచ్చిన మాటలన్నీ వరసగా చెప్పాడు. ఆమెకు పిచ్చి లేదు, నేను మొగుణ్ణి, ఇంటికి తీసుకపోత.

డాక్టరు అంతా విన్నాడు. తర్వాత ముక్కు దగ్గర వేలు పెట్టుకున్నాడు.

"తాగొచ్చారా?"

లింగస్వామి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పొద్దున్నే ఈ వాసనతో వచ్చిన మనిషి చేతిలో పేషెంటుని ఎలా పెట్టను చెప్పండి? ఇంకో రోజు రండి. తాగకుండా రండి."

తాగకుండానే వచ్చాడు నిన్న. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే, నిన్న ఏం కనిపించిందో కూడా చెప్పాలి. అతను నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. సోమయ్య గేటు తీస్తూ, "ఇయ్యాల జర మంచిగున్నవే" అన్నాడు.

ఆ సాయంత్రం తోటలో అంతా చెబితే చోటే మియా చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"తాగకపోతే పిచ్చోడివి. తాగితే తాగుబోతువి. ఇగ నీ మాట ఇనేటిది ఏ టైముకురా?"

లింగస్వామికి నవ్వొచ్చింది. నవ్వబోయి ఏడ్చాడు. చోటే మియా అటు తిరిగి తీగలు చూస్తున్నట్టు నిలబడ్డాడు.

"రేపు నేనొస్త. నువ్వు సగం తాగు. వణకొద్దు, కంపు గొట్టొద్దు. మాట్లాడేటిది నేను."

*

"సాబ్, ఇది పిచ్చి కాదు" అన్నాడు చోటే మియా, ఉతికిన లాల్చీతో కుర్చీలో కూర్చుని. "మీకు సమజ్ కాలేదు. గీ దిక్కు కల్లు బందైంది. బందైతే గిట్లనే అయితరు. మా ఊరు మొత్తం గిట్లనే ఉన్నది. ఊరు మొత్తం తెచ్చి ఏసుకుంటరా లోపల?"

డాక్టరు కోప్పడలేదు. "తెలుసండీ" అన్నాడు.

చోటే మియా ఆగిపోయాడు. మిగతా మాటలన్నీ ఆయన నోట్లోనే ఉండిపోయాయి.

"తెచ్చిన గంటలోనే తెలిసింది. అదే రాశాం, దానికే మందులిస్తున్నాం. ఈ వారంలో ఆమె నాలుగో మనిషి. ఫిట్స్ వచ్చాయి ఆమెకి. ఇంట్లో ఉండుంటే మనిషి దక్కేది కాదు. సొంత తెలివి లేని స్థితిలో తెస్తే చేర్చుకోవడానికి చట్టంలో దారుంది. ఇద్దరు డాక్టర్లు చూసి రాశారు. మూడు నెలల దాకా ఉంచొచ్చు. మీకు అభ్యంతరమైతే మేడ్చల్ కోర్టులో మేజిస్ట్రేటుకి అర్జీ పెట్టుకోవచ్చు."

లింగస్వామి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పిచ్చి కాదని రుజువు చేస్తే చాలనుకుని వచ్చాడు. వీళ్ళకు ముందే తెలుసు. తెలిసి, చేతులు కట్టారు. ఆ సంగతి మింగుడుపడడానికి అతనికి కొంతసేపు పట్టింది.

"ఫిట్స్ వచ్చిన దినం కట్టిండ్రు. సరే సార్" అన్నాడు. "నేను చూసిన దినం ఆమె కొట్టుకుంటలేదు. కండ్లు తెరుసుకుని పండుకున్నది. గప్పుడెందుకు కట్టిండ్రు?"

డాక్టరు సోమయ్య వైపు చూశాడు. సోమయ్య నేల చూశాడు.

"మనుషులు తక్కువున్నారు ఆ రోజు" అన్నాడు డాక్టరు.

"నెత్తి?"

"పేలుంటే... అందరికీ తీసేస్తాం."

"ఆమెను అడిగిండ్రా?"

ఆ గదిలో అందరూ ఆ ప్రశ్న విన్నారు. తల తిప్పే ఫ్యాన్ ఒకటి ఒక్కొక్కరి మీదికీ గాలి విసిరి పోయింది. డాక్టరు కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "పిలుచుకురా" అన్నాడు సోమయ్యతో.

శివమ్మ నడిచే వచ్చింది. ఆసుపత్రి గౌను వేసుకుని, తల మీద తువ్వాలు కప్పుకుంది. చోటే మియాను చూసి తువ్వాలు ముందుకు లాక్కుంది. మణికట్ల చుట్టూ ఊదారంగు గీతలున్నాయి. ముఖం మాత్రం కడిగినట్టుగా ఉంది. కళ్ళలో ఎప్పుడూ ఉండే మసక లేదు. ఇంత తేటగా ఆమె తనవైపు చూసి ఎన్నేళ్ళయిందో లింగస్వామికి గుర్తు రాలేదు.

"సంతకం నువ్వు పెట్టినవా?" అని అడిగింది మొదటి మాటగా.

"నేను కాదు. జోగారావు సార్, స్నేహితుడని రాసి."

ఆమె ఊపిరి వదిలింది. "నువ్వేమో అనుకున్న. గదే రందిల ఉన్న."

"నడువ్. ఇంటికి పోదం."

శివమ్మ కదలలేదు. దగ్గరికి వచ్చి వాసన చూసింది. "తాగొచ్చినవ్."

"సగమే. తాగకపోతే నన్ను గూడ లోపలేస్తరు."

ఆమె పకపకా నవ్వింది. "నవ్వకు" అన్నాడు లింగస్వామి కంగారుగా, సోమయ్యను చూస్తూ. "నవ్వితే సూదేస్తరు." దాంతో ఆమె ఇంకా నవ్వింది. సోమయ్య కూడా మూతి తిప్పుకుని నవ్వాడు. తర్వాత ఆమె డాక్టరు వైపు తిరిగింది.

"సారూ, నేనింకెన్ని దినాలుండాలె?"

"ఇంకో రెండు వారాలుంటే మంచిది. ఇప్పుడు పోతే మళ్ళీ అక్కడికే..."

"ఉంట."

లింగస్వామి సరిగ్గా వినలేదేమో అనుకున్నాడు.

"ఉంట సారూ. పానం తేలికగున్నది, అన్నం అన్నం లెక్క రుచి తెలుస్తున్నది. కానీ గిట్ల ఉండ. గా సారు స్నేహితుడని ఏదో రాసిచ్చిండంట గద, అది తీసెయ్యుండ్రి. నేనే వచ్చిన అని రాయుండ్రి. పోత అన్న దినం పోనియ్యాలె. చేతులు కట్టొద్దు. గంతే."

"ఎలాగూ ఉండేదేగా అమ్మా" అన్నాడు డాక్టరు. "ఏముంది తేడా?"

శివమ్మ ఆయన ముఖంలోకి చూసింది. రెండు మణికట్లూ బల్ల మీద పెట్టింది.

డాక్టరు చాలాసేపు ఆ చేతులు చూశాడు. "సొంత ఇష్టంతో చేరిన వాళ్ళు పోతానంటే ఒక్క రోజులో పంపాలి. చట్టం అదే" అని, ఎవరికి చెబుతున్నాడో తెలియనట్టు అన్నాడు. జోగారావుకు ఫోన్ చేశాడు. ఆయన "మీ ఇష్టం డాక్టరుగారూ" అనడం బయటికే వినిపించింది. శివమ్మ వేలిముద్ర వేసింది. సిరా అంటిన వేలిని గౌనుకు తుడుచుకోకుండా కాసేపు అట్లాగే పట్టుకుంది.

గేటు దాకా వచ్చాక లింగస్వామి ఆగాడు. "ఇంటికి రావా మరి?"

"రాను. ఇంటి కాడ కంపౌండ్ ఉన్నది" అంది ఆమె. కొంచెం ఆగి, "నువ్వుంటవ్" అంది. కోపంగా అనలేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పింది.

దారి పొడుగునా చోటే మియా స్కూటరు వెనక కూర్చుని లింగస్వామి అదే ఆలోచించాడు. ఇన్ని రోజులు ఎవరితో కొట్లాడాడో వాళ్ళు ఒప్పుకున్నారు. ఎవరి కోసం కొట్లాడాడో ఆమె రానంది. ఊళ్ళోకి వచ్చేసరికి కంపౌండ్ ముందు సైకిళ్ళు నిలబడి ఉన్నాయి. తాళం తీశారట. లోపలి నుంచి అరుపులు, నవ్వులు. రెండు సీసాలు తాగి ఇంటికి పోయాడు. కల్లు దిగింది గానీ ఆ "నువ్వుంటవ్" దిగలేదు.

*

తెల్లారి చోటే మియా నమాజు చేసుకుని తోటకు వచ్చేసరికి లింగస్వామి పందిరి కింద ఉన్నాడు. చేతులు ఇంకా నిలకడగానే ఉన్నాయి. ఒక వరస సగం కట్టేశాడు.

"క్యా రే, ఇంత జల్దీ?"

"భాయ్, ఒక మాట చెప్త. తాగలే నేను ఇయ్యాల. తాగ. పగటి యాళ్ళకు నేను నేను లెక్క ఉండ."

చోటే మియా ముఖంలో తమాషా పోయింది. "అయితే ఇప్పుడే పోదం నడు ఆస్పత్రికి."

"గీ వరసలు అయిపోవాలె. తీగెలు కింద వేలాడుతున్నయ్. చేతులు ఆగినంత సేపు కడుత. ఆగనప్పుడు నువ్వు తీసుకపో. గప్పుడు రానంట. తిడుత, కొడుత, కల్లు పొయ్యమని నీ కాళ్ళు పట్టుకుంట. గది ఇనకు. ఇప్పుడు చెప్పేది ఇను. నేనే తీసుకపొమ్మంటున్న. అక్కడ డాక్టర్ సాబ్‌కు గూడ చెప్పు, పొద్దుగాల మంచిగున్నప్పుడు తన నోటితోనే చెప్పిండని. చేతులు కట్టాల్సొస్తే కట్టనీ. వణుకు దిగినంక ఇప్పాలె. ఇప్పేదాక నువ్వుండాలె."

అంత మాట లింగస్వామి ఒక్క పట్టున మాట్లాడగా చోటే మియా ఎన్నడూ వినలేదు.

"నా మాట ఎవడింటడురా? నీ పెండ్లాం మాట ఇనలే. నీ మాట ఇనలే."

"నువ్వు తాగవు గద భాయ్. నీ మాట ఇంటరు."

చోటే మియా స్కూటరును గట్టు మీది నుంచి దింపి, తోట మధ్యదాకా నెట్టుకొచ్చి, లింగస్వామి కట్టే వరస పక్కనే స్టాండు వేశాడు. దాని మీదే కూర్చున్నాడు.

లింగస్వామి తల పైకెత్తి, తర్వాతి తీగ అందుకున్నాడు.